గాయనుల పోటీ, ఆశ్రయం, విధేయత: శ్రీముఖలింగం నుంచి మద్రాసు దాకా

సుశీల గొప్పా, జానకి గొప్పా అన్న వాదం తెలుగు ఇళ్లలో, కాలేజీ హాస్టళ్లలో, టీ కొట్ల దగ్గర రెండు తరాలపాటు నడిచింది. ఒకే కాలంలో ఇద్దరు స్త్రీలు పేరు తెచ్చుకుంటే శ్రోత ఒక పక్షం పట్టకుండా ఉండలేడు. పత్రికలు ఆ పక్షాలకు మాటలు అందించాయి. ఇద్దరి మధ్య మనస్పర్థలున్నాయనీ, ఒకరి పాట మరొకరు లాక్కున్నారనీ కథలు పుట్టాయి. పాట ఎవరు పాడాలో తేల్చే అధికారం మాత్రం ఆ ఇద్దరిలో ఎవరికీ లేదు. గుడిలో రాజుకు, కొలువులో జమీందారుకు, మద్రాసులో స్టూడియో యజమానికి, ఆ తరువాత సంగీత దర్శకుడికి ఆ అధికారం ఉండేది. గాయనుల పోటీ అని లోకం పిలిచేది చాలావరకు ఈ ఆశ్రయాల మధ్య పోటీ. విధేయత అని పిలిచేది చాలావరకు పిలుపు ఆగిపోకుండా చూసుకునే జాగ్రత్త. ఉత్తరాంధ్ర గడ్డ మీద ఈ కథకు ఆధారాలు వెయ్యేళ్ల వెనకటి నుంచీ దొరుకుతాయి.

గుడి సేవ, రాజాజ్ఞ

శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలంలో, వంశధార ఎడమ గట్టున శ్రీముఖలింగం ఉంది. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలున్న ఈ ఊరే తూర్పు గాంగుల రాజధాని కళింగనగరమని చరిత్రకారుల్లో ఎక్కువమంది అభిప్రాయం. 1078లో పట్టానికి వచ్చిన అనంతవర్మ చోడగంగ కాలంలో రాజధాని ఇక్కడి నుంచి కటకానికి మారింది. పూరీ జగన్నాథాలయ నిర్మాణం మొదలుపెట్టిందీ ఆయనే. అలా వంశధార ఒడ్డు నుంచి మహానది ఒడ్డుకు రాజ్యమే కదిలినప్పుడు కొలువు, పూజారులు, శిల్పులు, ఆడిపాడేవాళ్లు తిరిగే దారి కూడా అటు సాగింది. ముఖలింగాన్నీ పూరీనీ కలిపి చూస్తే తప్ప ఈ ప్రాంతపు ఆలయ సంగీతం అర్థం కాదు.

ఆలయంలో ఆడిపాడే స్త్రీకి తెలుగు శాసనాల్లో వాడిన మాట ‘సాని’. ‘స్వామిని’ నుంచి వచ్చిన ఆ మాట అప్పట్లో గౌరవ వాచకం. ద్రాక్షారామం వంటి క్షేత్రాల శాసనాల్లో ‘సాని మున్నూరు’ అనే సమూహం కనిపిస్తుంది. సానులు తమ సొంత పేర్లతో ఆలయ దీపాలకు దానాలిచ్చిన శాసనాలూ ఉన్నాయి. వారికి ఆస్తి ఉంది, పేరుంది, సమూహంలో చోటుంది. ఏ పాట పాడాలో, ఏ వేళ పాడాలో చెప్పే అధికారం మాత్రం గుడిదీ, గుడిని పోషించే రాజుదీ.

ఆ అధికారం ఎలా పనిచేసేదో చెప్పే స్పష్టమైన ఆధారం పూరీలో ఉంది. 1499లో ప్రతాపరుద్ర గజపతి జగన్నాథాలయంలో ఒక శాసనం వేయించాడు. భోగ సమయంలో ఆడిపాడే స్త్రీలను ఆ శాసనం బృందాలుగా పేర్కొంటుంది. అక్కడ ముందునుంచీ ఉన్న బృందాలతో పాటు ‘తెలంగ’ బృందం, అంటే తెలుగు సంప్రదాయానికి చెందిన స్త్రీల బృందం, వేరుగా కనిపిస్తుంది. అందరూ జయదేవుడి గీతగోవిందమే నేర్చుకోవాలి, స్వామి ముందు మరో పాట పాడకూడదు, తెలిసి మరో పాట పాడనిచ్చిన అధికారి జగన్నాథుడికి ద్రోహం చేసినవాడే అని ఆజ్ఞ. పోటీ అన్న మాట శాసనంలో ఎక్కడా లేదు. అయినా ఒకే సన్నిధిలో పాత బృందమూ, పరభాషా బృందమూ ఉండి, రాజు కలగజేసుకుని అందరి నోటా ఒకే పాట పాడించవలసి వచ్చిందంటే, అంతకు ముందు వేరు వేరు పాటలు సన్నిధిలో చోటు కోసం ఒరుసుకున్నాయని ఊహించడం తప్పు కాదు. తెలంగ బృందం తన వెంట తెచ్చుకున్న పాటలు ఏమయ్యాయో శాసనం చెప్పదు. తెలుగు సంగీత చరిత్రలో ఇంతకంటే బాధ కలిగించే మౌనం మరొకటి లేదనిపిస్తుంది.

కొలువు, సభ

గుడి మాన్యాలు తగ్గి, జమీందారీ కొలువులు పెరిగాక పాడే స్త్రీ ఆశ్రయం మారింది. విజయనగరం గజపతుల సంస్థానం సంగీత సాహిత్యాలకు పెట్టింది పేరు. అక్కడే 1892లో గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ తొలిసారి రంగస్థలం ఎక్కింది. 1897లో అచ్చయి, 1909లో పెరిగిన రూపంలో మళ్లీ వచ్చిన ఆ నాటకంలో మధురవాణి పాత్ర ఈ వ్యాస విషయానికి దగ్గరి బంధువు. ఎవరి పోషణలో ఉండాలి, ఏ షరతు మీద ఉండాలి, ఎప్పుడు బయటికి రావాలి అన్న లెక్క ఆమె స్వయంగా వేసుకుంటుంది. పోషకుడికి విధేయత ఎంతవరకు అన్న ప్రశ్నను ఒక కళావంతురాలి వైపు నుంచి అంత సూటిగా అడిగిన రచన తెలుగులో అంతకు ముందు లేదు.

సభా సంగీతంలోకి వస్తే, పక్షాల మధ్య స్త్రీ ఎక్కడ నిలబడాలన్న ప్రశ్న తిరువయ్యారులో తేలింది. త్యాగరాజ ఆరాధనను రెండు కట్చీలు, అంటే పక్షాలు, విడివిడిగా జరిపేవి. రెండూ మగవారివే. ఏ పక్షమూ స్త్రీని సమాధి దగ్గర పాడనివ్వలేదు. త్యాగరాజు సమాధికి తన సంపాదనతో ఆలయం కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మకే ఆ అవకాశం దక్కలేదు. 1927లో ఆమె రెంటిలో ఒకదాని పంచన చేరకుండా స్త్రీలతో మూడో పక్షం నిలబెట్టారు. తెలుగు కృతుల కర్త సన్నిధిలో పాడే హక్కు కోసం దేవదాసీ కుటుంబం నుంచి వచ్చిన ఒక స్త్రీ సొంత వేదిక కట్టుకోవడం అసాధారణమైన సాహసం. 1940 దశకం మొదట్లో పక్షాలు కలిశాయి, స్త్రీలకు వేదిక దక్కింది. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ సమర్పణను నిషేధించే చట్టం చేసింది. అప్పటికే పాట గుడినీ కొలువునూ దాటి గ్రామఫోను పళ్లేల మీదికి, వెండితెర మీదికి వెళ్లిపోయింది.

విజయనగరం కళాశాల, మద్రాసు జీతం

1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రధానాచార్యులు, ఆయన తరువాత ద్వారం వెంకటస్వామి నాయుడు. ఘంటసాల వెంకటేశ్వరరావు ఇక్కడే చదువుకున్నారు. స్వరకర్త సాలూరు రాజేశ్వరరావు సాలూరు దగ్గరి శివరామపురంలో పుట్టారు. 1935లో విజయనగరంలో పుట్టిన పులపాక సుశీల ఈ కళాశాలలోనే శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నారు. తరువాతి మూడు దశాబ్దాలు తెలుగు సినిమా పాటను నడిపినవారిలో ఇంతమంది ఒకే చుట్టుపక్కల నుంచి రావడం యాదృచ్ఛికం కాదు. కులం, ఇంటిపేరు, కొలువు అడగకుండా పాట నేర్పే బడి ఒకటి ఆ ఊళ్లో ఉండటమే కారణం. ఆ బడి లేకపోతే న్యాయవాది ఇంటి అమ్మాయి సుశీల వృత్తి గాయని అయ్యేది కాదు.

మద్రాసు చేరాక కథ మారింది. రేడియో గొంతుల్లోంచి పెండ్యాల నాగేశ్వరరావు సుశీలను ఎంచి ‘కన్నతల్లి’ (1953)కి పాడించారు. ఆ తరువాత ఏవీఎం సంస్థ ఆమెను నెలజీతం మీద తీసుకుంది. తమిళ ఉచ్చారణ దిద్దడానికి ఒక ఉపాధ్యాయుణ్నీ పెట్టింది. జీతం ఉన్నంతకాలం గొంతు మీద మొదటి హక్కు సంస్థది. భరోసా, కట్టు రెండూ ఒకే కాగితంలో ఉండేవి. 1938లో గుంటూరు జిల్లా పల్లపట్లలో పుట్టి, 1957లో సినిమాకు వచ్చిన ఎస్. జానకి కూడా మొదట చేరింది ఏవీఎంలోనే. అంటే జనం ప్రత్యర్థులుగా చెప్పుకునే ఇద్దరూ ఒకే యజమాని గడప తొక్కి పైకొచ్చినవారు.

వారికంటే ముందు తరంలో రెండు భిన్నమైన బతుకులు కనిపిస్తాయి. బాలనటిగా 1936లో తెర మీదికి వచ్చిన రావు బాలసరస్వతీదేవి సాలూరు రాజేశ్వరరావుతో కలిసి పాడిన లలిత గీతాలతో ఇంటింటికీ తెలిసిన గొంతయ్యారు. 1944లో కొలంక జమీందారును పెళ్లాడాక క్రమంగా సినిమా పాటకు దూరమయ్యారు. ఆమె పాటను ఏ పోటీ గాయనీ ఆపలేదు, ఇంటి కట్టుబాటు ఆపింది. పి. భానుమతి దారి దీనికి పూర్తిగా ఎదురు. తన పాత్రకు తనే పాడుకుంటానన్న పట్టు వదలలేదు. భర్త రామకృష్ణారావుతో కలిసి భరణీ పిక్చర్స్ పెట్టి, తన పాటకూ వేషానికీ తనే యజమాని అయ్యారు. ‘మిస్సమ్మ’ (1955)లో మొదట నాయిక ఆమే. నిర్మాత చక్రపాణితో పొసగక తప్పుకోవలసి వచ్చింది, ఆ పాత్ర సావిత్రికి దక్కింది. ఆ ఒక్క మార్పుతో పాటల పంపకమూ మారింది. భానుమతి ఉండి ఉంటే నాయిక పాటలు ఆమెవే అయ్యేవి. సావిత్రి రావడంతో ఆ పాటలు పి. లీలకు వెళ్లాయి. జమునకు సుశీల పాడారు. ఒక నిర్మాతకూ ఒక నటికీ మధ్య వచ్చిన తగవు ఇద్దరు గాయనుల భవిష్యత్తును తిప్పింది.

రెండేళ్ల తరువాత ‘మాయాబజార్’ (1957)లో ఇంకా విచిత్రమైన పంపకం జరిగింది. నటి ఒక్కరే, సావిత్రి. ఆమె నిజమైన శశిరేఖగా ఉన్నప్పుడు గొంతు లీలది. ఘటోత్కచుడు మాయ శశిరేఖగా మారి పెళ్లి సంబరం పాడుకునేటప్పుడు గొంతు సుశీలది, మధ్యలో దూకే మగ గొంతు ఘంటసాలది. అప్పటికి నాయిక గొంతుగా స్థిరపడినది లీల, కొత్తగా ఎదుగుతున్నది సుశీల. నాటకీయ అవసరమూ, గాయనుల అంతస్తూ ఇంత చక్కగా కలిసిన పాట మరొకటి చూపడం కష్టం. ఆ చిత్రానికి బాణీలు మొదలుపెట్టినది రాజేశ్వరరావు. ఆయన నడుమ తప్పుకోగా ఘంటసాల పూర్తిచేశారు. ‘లవకుశ’ (1963)లో అదే ఘంటసాల లీలనూ సుశీలనూ కలిపి లవుడు, కుశుడు పాత్రలకు పాడించారు. ఇద్దరు గాయనులు రెండు బాల గొంతులై శ్రుతి కలిపిన ఆ పాటలు వింటే, వీరిద్దరి మధ్య పోటీ కథలు అల్లినవారు ఆ రికార్డింగు థియేటర్లో ఒక్క పూట కూర్చుని ఉంటే బాగుండేదనిపిస్తుంది. ఒకరి శ్వాస ఒకరు వినకుండా ఆ పాట పలకదు.

శిబిరాలు

1960 నాటికి పరిశ్రమలో గొంతుల అంతస్తులు గట్టిపడ్డాయి. నాయికకు ఒక గొంతు, క్లబ్బు నర్తకికి ఒక గొంతు. కోరస్ నుంచి పైకొచ్చిన ఎల్.ఆర్. ఈశ్వరి ఏ పాటనైనా పాడగల గాయని అయినా తెలుగులో ఆమెకు ఎక్కువగా దక్కినవి రెండో రకం పాటలే. తెర మీద ఒక స్త్రీకి ఉన్న మర్యాదను తెర వెనుక పాడే స్త్రీకి అంటగట్టడం అన్యాయం. ఆ అన్యాయాన్ని పోటీ అన్న పేరుతో కప్పిపుచ్చలేం.

సుశీల, జానకిల మధ్య జరిగినది నిజానికి ఒక రకమైన పొలిమేరల పంపకం. తెలుగు, తమిళాల్లో నాయిక గొంతుగా సుశీల చాలాకాలం ఎదురులేకుండా నిలిచారు. కన్నడంలో, మలయాళంలో జానకి రాజ్యం విస్తరించింది. ఈ హద్దులు గీసినవారు సంగీత దర్శకులు. మలయాళంలో ఎం.ఎస్. బాబూరాజ్ బాణీలకు జానకి గొంతు స్థిరపడింది. జి. దేవరాజన్ సుశీలనూ, తరువాత మాధురినీ ఎంచుకున్నారు. అక్కడ జానకి అభిమాని అంటే సగం బాబూరాజ్ అభిమాని, సుశీల అభిమాని అంటే సగం దేవరాజన్ అభిమాని అన్నట్టే. 1976లో ‘అన్నక్కిళి’తో వచ్చిన ఇళయరాజా జానకి గొంతులోని పలుకు మార్పులకు, చిన్నపిల్ల గొంతు నుంచి ముసలమ్మ గొంతు దాకా ఆమె చూపగల విస్తృతికి తగ్గ బాణీలు కట్టారు. దాంతో తమిళంలోనూ, తెలుగులోనూ తూకం జానకి వైపు మొగ్గింది. గాయని మారలేదు, బాణీ కట్టే చేయి మారింది.

జాతీయ ఉత్తమ నేపథ్య గాయని పురస్కారాల చిట్టా కూడా ఈ శిబిరాల చరిత్రే. ‘ఉయర్న్ద మనిదన్’ (1968) పాటకు ఆ పురస్కారం తొలిసారి సుశీలకే వచ్చింది. మొత్తం ఆమెకు 5. తెలుగులో ‘సిరిసిరిమువ్వ’, ‘మేఘసందేశం’, ‘ఎం.ఎల్.ఏ. ఏడుకొండలు’ వాటిలో ఉన్నాయి. జానకికి 4, అందులో తెలుగు ‘సితార’ (1984) ఒకటి. వాణీ జయరాంకు 3, వాటిలో ‘శంకరాభరణం’, ‘స్వాతికిరణం’ కె.వి. మహదేవన్ బాణీలు. వాణీ జయరాం కథ వేరుగా చెప్పుకోవలసినది. ‘గుడ్డీ’ (1971)తో బొంబాయిలో ఒక్కసారిగా వెలిగినా అక్కడ నిలదొక్కుకోవడానికి చోటు దొరకలేదు. 1970 దశకం నడుమ మద్రాసుకు మారి, సుశీల, జానకి ఇద్దరూ వెలుగుతున్న చోట తనకంటూ మూడో స్థానం సంపాదించారు. రెండు శిబిరాలున్న ఊళ్లో మూడో మనిషి నిలవాలంటే, ఏ బాణీ ఇచ్చినా తప్పు లేకుండా ఒక్క టేకులో పాడగలగాలి. ఆమె పాడారు.

బొంబాయిలోనూ ఇదే నియమం ఇంకా పదునుగా నడిచింది. ఎస్.డి. బర్మన్‌తో లతా మంగేష్కర్‌కు 1950 దశకం చివర్లో మాట పట్టింపు వచ్చి కొన్నేళ్లు పాట ఆగిపోతే, ఆ కాలంలో ఆశా భోంస్లే పెద్ద గాయని అయ్యారు. ఓ.పి. నయ్యర్ లతతో ఒక్క పాటా పాడించలేదు. ఆయన పాటకు ఆశ గొంతే గుర్తు. అక్కాచెల్లెళ్ల పోటీగా దేశమంతా చెప్పుకున్నదాని అడుగున ఇద్దరు స్వరకర్తల పంతాలున్నాయి. ఆ లతే ‘సంతానం’ (1955)లో సుసర్ల దక్షిణామూర్తి బాణీకి తెలుగులో పాడారు.

మేనేజరు అన్న పదం అప్పట్లో వాడుకలో లేదు, కానీ పని ఉండేది. సాధారణంగా ఆ పని ఇంటివారిదే. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి కచేరీల ఎంపిక, పాటల వరుస, విరాళాల నిర్ణయం భర్త సదాశివం చూసుకునేవారు. జానకి వెంట రికార్డింగులకు భర్త రాంప్రసాద్ ఉండేవారు. గాయని బేరం చేయదు, ఆమె తరఫున మాట్లాడే మగమనిషి చేస్తాడు అన్న ఏర్పాటు ఆమెకు రక్షణ కవచమూ అయింది, ఆమె గొంతు విలువను ఆమె నోట పలకనివ్వని అడ్డూ అయింది.

కాగితం మీది హక్కులు

1990లలో రికార్డింగు పద్ధతి మారింది. అందరూ ఒకే థియేటర్లో నిలబడి పాడే రోజులు పోయాయి. ట్రాక్ ముందే తయారవుతుంది, గొంతు తరువాత చేరుతుంది. ఒకే పాటను ఇద్దరితో పాడించి, ఒకరిది ఉంచి ఒకరిది తీసేయడం సులువైంది. గొంతు తీసేసిన సంగతి కొందరు గాయనులకు క్యాసెట్ బజారులోకి వచ్చాకే తెలిసేది. 1996లో ఈటీవీలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం నిర్వహణలో మొదలైన ‘పాడుతా తీయగా’ పల్లెల నుంచి, చిన్న పట్టణాల నుంచి కొత్త గొంతులను తెచ్చింది. అయినా సినిమా అవకాశం మళ్లీ స్వరకర్త చుట్టూనే తిరిగింది. ఉష గొంతును ఆర్.పి. పట్నాయక్ పాటలతో, కౌసల్య గొంతును చక్రి పాటలతో కలిపి జనం గుర్తుపెట్టుకున్నారు. స్వరకర్త జోరు తగ్గితే ఆ గాయని పాటా తగ్గుతుంది. ఆమె తప్పు అందులో రవ్వంత ఉండదు.

2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి, పాడినవారికి కూడా వాణిజ్య వాడకంపై రాయల్టీ హక్కు ఇచ్చారు. మరుసటి ఏడాది గాయకుల హక్కుల సంఘం ఏర్పడింది. 2017 మార్చిలో బాలసుబ్రహ్మణ్యం అమెరికా పర్యటనలో ఉండగా, తన బాణీలను అనుమతి లేకుండా వేదిక మీద పాడవద్దని ఇళయరాజా తరఫు న్యాయవాది నోటీసు పంపారు. అది గాయని చిత్రకూ వెళ్లింది. 6 జాతీయ పురస్కారాలు పొంది, ఆ స్వరకర్త పాటలతోనే దక్షిణాదికి దగ్గరైన గాయని తన పాట తను పాడటానికి ఆగవలసి వచ్చింది. చట్టపరంగా స్వరకర్తకు హక్కుంది. గొంతు ఇచ్చినవారికి ఏముందన్న ప్రశ్న ఆ రోజు తెలుగు శ్రోతలందరినీ తాకింది. అమెరికాలో టేలర్ స్విఫ్ట్ తొలి ఆల్బముల మూల రికార్డింగులు 2019లో చేతులు మారితే, ఆమె ఆ పాటలను మళ్లీ పాడి 2021 నుంచి విడుదల చేయగలిగింది. ఆమె తన పాటలకు తనే రచయిత్రి కనుక ఆ దారి ఉంది. మన నేపథ్య గాయని చేతిలో మాటా లేదు, బాణీ లేదు, గొంతొక్కటే ఉంది.

ఆశ్రయానికి ఎదురు మాట్లాడితే ఏమవుతుందో 2018లో గాయని, డబ్బింగ్ కళాకారిణి చిన్మయి విషయంలో కనిపించింది. ఒక ప్రసిద్ధ తమిళ గేయ రచయితపై ఆమె బహిరంగంగా ఆరోపణ చేశారు. ఆయన ఖండించారు. కొద్ది వారాల్లోనే తమిళ డబ్బింగ్ సంఘం చందా బకాయి కారణం చూపి ఆమె సభ్యత్వం తీసేసింది. తెలుగు ప్రేక్షకులు నటి సమంత నోట విన్న గొంతు ఆమెదే.

ఇదే కాలంలో టీవీ ఛానెళ్లు, యూట్యూబు జానపద గాయనులకు వేరే దారి తెరిచాయి. వీ6 ఛానెల్‌తో పరిచయమైన మంగ్లీ బతుకమ్మ పాటలతో పెరిగి, సినిమా తనను పిలిచేలోగానే తన శ్రోతలను తను సంపాదించుకున్నారు. స్వరకర్త పిలుపు కోసం ఎదురుచూడక్కర లేని స్థితి భానుమతి తరువాత మళ్లీ ఇప్పుడే కొందరికి అందుతోంది.

పాత ప్రత్యర్థుల కథ ఎక్కడికి చేరిందో కూడా చెప్పాలి. 2013లో పద్మభూషణ్ ప్రకటిస్తే, ఆలస్యంగా వచ్చిందని, దక్షిణాది కళాకారులకు తగిన గుర్తింపు లేదని జానకి తిరస్కరించారు. సుశీలకు ఆ గౌరవం 2008లో వచ్చింది. 2016లో 17,695 పాటల లెక్కతో గిన్నిస్ రికార్డూ వచ్చింది. సుశీల తన పేరిట ఒక ట్రస్టు పెట్టి, కష్టంలో ఉన్న సంగీత కళాకారులకు నెలనెలా సాయం అందిస్తూ, సాటి గాయకులకు ఏటా పురస్కారం ఇస్తున్నారు. అందుకున్నవారిలో జానకి, వాణీ జయరాం, ఎల్.ఆర్. ఈశ్వరి ఉన్నారు.

సంబరాల వేదిక

శివరాత్రికి శ్రీముఖలింగంలో జాతర జరుగుతుంది. వంశధారలో చక్రతీర్థ స్నానానికి ఒడిశా నుంచి కూడా జనం వస్తారు. ఆ ఋతువు నుంచి ఎండాకాలం దాకా శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో అమ్మవారి సంబరాలు వరుసగా వస్తాయి. రాత్రి వేదిక ఎక్కే ఆర్కెస్ట్రాలో సాధారణంగా ఒకరో ఇద్దరో అమ్మాయిలు పాడతారు. అదే అమ్మాయి సుశీల పాట పాడి, చప్పట్లు ఆగకముందే జానకి పాట అందుకుంటుంది. తెల్లవారేలోగా చిత్రనూ, మంగ్లీనీ కూడా వినిపిస్తుంది. బ్యానరు మీద ఆర్కెస్ట్రా పేరు ఉంటుంది, ఆమె పేరు చాలాసార్లు ఉండదు. డబ్బు రాత్రి లెక్కన. ఒకే రాత్రికి రెండు ఊళ్ల నుంచి పిలుపు వస్తే, ముందు అడ్వాన్సు ఇచ్చిన పార్టీకే వెళ్తుంది.